ఇంటికి కబురు అందుతుంటేనే బడిలో నిలబడగలం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు, 'కష్టపడి చదవండి, పైకి రండి' అని రాద్దామనుకున్నాను. ఆ మాట ప్రతి సంచికలోనూ ఉంటుంది. అది నిజమైన మాటే. కానీ పైకి వచ్చాక, ఉద్యోగం ఎక్కడో కొండల్లో వస్తే, ఇంటికీ మనకూ మధ్య ఏమవుతుందో నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అందుకే దాని గురించి రాస్తున్నాను. మీలో చాలామంది టీచర్లు అవుతారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు మన హాస్టల్ అక్కలు ఎంతమంది రాత్రింబవళ్లు చదివారో మీరూ చూశారు. ఏకలవ్య పాఠశాలల్లో ఉద్యోగమొస్తే దేశంలో ఏ మూలకైనా పొమ్మంటారు. కాబట్టి ఈ మాట మీకు పనికొస్తుంది.

మాది మహానంది పక్క పల్లె. మా నాయన అరటితోటల్లో గెలలు మోస్తాడు. మా అమ్మ కలుపో, కోతో, ఏ పని దొరికితే ఆ పనికి పోతుంది. ఇద్దరికీ సంతకం వరకే వచ్చు. ఆరో తరగతిలో ఒక రేకు పెట్టె, ఒక దుప్పటితో నన్ను ఇక్కడ దించి, మా నాయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. చూస్తే నేను ఏడుస్తానని కాదు, తానే ఏడుస్తానని అలా వెళ్లాడని చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. నంద్యాలలో డిగ్రీ, కర్నూలులో ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. నిరుడు విశాఖ మన్యంలో, పాడేరు నుంచి ఇంకా లోపలికి వెళ్లాల్సిన ఒక గిరిజన విద్యాసంస్థలో అతిథి అధ్యాపకురాలిగా చేరాను. ఒక విద్యా సంవత్సరం పూర్తిగా అక్కడే ఉన్నాను.

నంద్యాలలో రైలెక్కితే విశాఖపట్నం చేరేసరికి ఒక రాత్రి, ఒక పూట గడుస్తాయి. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద బస్సులో పాడేరు, పాడేరు నుంచి జీపు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ జీపు కూడా ఉండదు. నంద్యాల ఎండలో పెరిగిన నాకు అక్కడి డిసెంబరు చలి కొత్త. కానీ చలికి రగ్గు ఉంది. ఫోను సిగ్నల్ లేకపోవడానికి మాత్రం మందు లేదు. మా క్వార్టర్ వెనక అర కిలోమీటరు ఎక్కితే ఒక బండ ఉంది. దాని మీద, అదీ ఒక పక్కకు తిరిగి నిలబడితే, రెండు గీతలు వస్తాయి. మేము దానికి 'సిగ్నల్ బండ' అని పేరు పెట్టుకున్నాము. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని ఆమోదించింది. మన్యంలో చాలాచోట్ల కొత్త టవర్లు వచ్చాయి. నేనున్న మడతలోకి మాత్రం ఇంకా గాలి సోకలేదు.

మొదటి మూడు నెలలు నేను చేసింది ఒక్కటే. బండ ఎక్కి, ఇంటికి ఫోన్ చేసి, అబద్ధాలు చెప్పడం.

"ఏం పాపా, అన్నం తిన్నావా? ఆడ చలి జాస్తిగా ఉంటాదంట కదా!" అని అమ్మ అడిగేది. "తిన్నా మ్మా. చలేం లేదు. రూము బాగుంది" అనేదాన్ని. ఆగస్టులో మలేరియా వచ్చి ఆరు రోజులు పడుకున్నాను. పక్క గదిలో ఉండే టీచరమ్మ జావ కాచి ఇచ్చింది. ఏడో రోజు బండ ఎక్కి, "పరీక్షల పనిలో ఉన్నా, అందుకే చేయలేదు" అన్నాను. అమ్మ నమ్మింది, లేదా నమ్మినట్టు మాట్లాడింది.

అవతల నుంచి అమ్మ కూడా అదే చేస్తోందని నాకు తెలియదు. అక్టోబరులో మా అవ్వ కింద పడి తుంటి విరిగింది. నంద్యాల ఆసుపత్రిలో పది రోజులు ఉంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా, "అవ్వ నిద్రపోతాంది" అన్నారు. దసరా సెలవులు అప్పుడే అయిపోయాయి, మళ్లీ సెలవు పెడితే పాపకు పని పోతుందేమోనని వాళ్ల భయం. సంక్రాంతికి ఇంటికి వెళ్తే అవ్వ మంచంలో ఉంది. నన్ను చూసి, "వచ్చినావా మ్మా, నీకు చెప్పొద్దన్న్యారు" అంది. ఆ మాటకు నాకు అవ్వ మీద జాలి కన్నా నా మీద నాకు కోపం ఎక్కువ వచ్చింది. మేము మూడు నెలలు ప్రతి వారం మాట్లాడుకున్నాము. ఒక్క నిజం కూడా చెప్పుకోలేదు.

ఇదంతా నా సొంత గోడు అని మీరు అనుకోవచ్చు. కాదని చెప్పడానికే ఈ వ్యాసం. దూరపు బడిలో పనిచేసే టీచరుకు ఇంటితో మాట తెగితే నష్టపోయేది ఆ టీచరు ఒక్కతే కాదు. ఆ బడి పిల్లలు.

ఎలాగంటారా? ఇంటి గురించి దిగులు పెట్టుకున్న మనిషి శుక్రవారం మధ్యాహ్నమే బస్సు టైము చూసుకుంటుంది. సోమవారం రావలసింది బుధవారం వస్తుంది. పండగ సెలవు నాలుగు రోజులైతే పది రోజులు చేస్తుంది. ఏడాది తిరిగేసరికి బదిలీకో, రాజీనామాకో కాగితం పెడుతుంది. ఆ ఖాళీలో పిల్లల పాఠాలు పోతాయి. మన్యంలో ఇది పాత కథ. 2000 సంవత్సరం జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3వ నంబరు జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది దాని సారాంశం. బయటి నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగా రాకపోవడం దానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. కోర్టు తీర్పు గురించి వాదించే చదువు నాది కాదు. కానీ ఆ జీవో వెనకున్న బాధ నిజమైనదని, అక్కడ ఏడాది ఉన్న బయటి మనిషిగా నేను ఒప్పుకుంటాను. ఆ ఊరి అమ్మాయే ఆ ఊరి టీచరైతే ఈ దిగులే ఉండదు. 1940ల్లోనే హైమెండార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే కేంద్రం పెట్టించింది ఇలాంటి ఆలోచనతోనే. అటువంటి టీచర్లు సరిపడా తయారయ్యేదాకా మనలాంటి వాళ్లం వెళ్లక తప్పదు. వెళ్తే నిలబడాలి. నిలబడాలంటే ఇల్లు మనకు దగ్గరగా ఉండాలి.

సరే, ఫోను ఉంటే ఇల్లు దగ్గరైనట్టేనా? కాదు. కిలోమీటర్ల కన్నా పెద్ద దూరం ఒకటి మనకు ఉంది. అది చదువు తెచ్చిన దూరం. మనలాంటి ఇళ్లలో మొదట చదివినవాళ్లకే అది తెలుస్తుంది. నేను ఎం.ఎస్సీ.లో ఏం చదివానో అమ్మకు తెలియదు. అక్కడ ఏం పాఠం చెబుతున్నానో తెలియదు. "తిన్నావా, పడుకున్నావా" తర్వాత మా ఇద్దరికీ మాటలు అయిపోయేవి. ఫోను పట్టుకుని ఇద్దరం ఊరికే ఉండేవాళ్లం. ఆ మౌనం కన్నా గెడ్డ దాటడం తేలిక.

సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి అమ్మకూ నాకూ గట్టిగా మాట పట్టింపు వచ్చింది. "నువ్వు జెరమొచ్చిన సంగతి దాచినావు, నేను అవ్వ సంగతి దాచినా. ఇంగ ఇద్దరమూ దొంగలమే" అంది అమ్మ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రాత్రే మేము మూడు ఒప్పందాలు చేసుకున్నాము.

మొదటిది, వేళ. ఎప్పుడు వీలైతే అప్పుడు కాదు. ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను బండ మీద ఉంటాను, అమ్మ పనికి పోకుండా ఇంట్లో ఉంటుంది. వారమంతా ఫోను రాకపోయినా భయపడేది లేదు. ఆదివారం కూడా రాకపోతేనే సంస్థ ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఆ నంబరు గోడ మీద బొగ్గుతో రాసి వచ్చాను.

రెండోది, నిజం. జ్వరమైతే జ్వరం, అప్పైతే అప్పు. చెప్పాక రెండోవాళ్లు ఏడవవచ్చు. "ఉద్యోగం వదిలి రా" అని మాత్రం అనకూడదు.

మూడోది, పని మాట. నా పని అమ్మకు చెప్పాలి, అమ్మ పని నేను అడగాలి. ఈ మూడోదే మా ఇద్దరినీ కలిపింది. అక్కడి పిల్లలకు ఆకుల అమరిక చెప్పేటప్పుడు అరటి గురించి చెప్పాలనుకున్నాను. అరటి బోదె నిజానికి కాండం కాదు, ఆకు తొడుగులు ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న పొరలు, అసలు కాండం భూమిలో దుంపగా ఉంటుంది అని అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వింది. "అది చెప్పనీకి ఎమ్మెస్సీ కావాల్నా? బోదె నరికినా దుంప నుంచి పిలక వస్తాది గదా" అంది. ఏ పిలకను ఉంచాలి, ఏ పిలకను తీసేయాలి, సన్నాకు పిలకకూ వెడల్పాకు పిలకకూ తేడా ఏమిటి అని అరగంట చెప్పింది. ఆ సోమవారం నా పాఠంలో సగం మా అమ్మదే. పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పాను. కూలికి పోయే తల్లి దగ్గర కాలేజీ పాఠం ఉందంటే వాళ్ల ముఖాలు ఎలా వెలిగాయో మీరు చూడాల్సింది.

ఫోను లేని వారాలకు ఉత్తరం ఉంది. నవ్వకండి. దేశంలో లక్షా అరవై వేలకు పైగా తపాలా కార్యాలయాలు ఉన్నాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. సిగ్నల్ రాని చోటికి కూడా పోస్టుమ్యాన్ వస్తాడు. మా అమ్మకు చదవడం రాదు కదా అంటారేమో. ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడు చదివి వినిపించాడు. అమ్మ చెబితే జవాబు వాడే రాశాడు. 'అక్కా, అమ్మ ఏడ్చింది, ఈ ముక్క రాయొద్దన్నాది, అయినా రాస్తున్నాను' అని ఉంది అందులో. తెలుగు వాక్యం సరిగా రాయని వాడికి ఆ ఆరు ఉత్తరాలతో రాత కుదిరింది. మా పెద్దవాళ్ల కాలంలో టెలిగ్రామ్ వచ్చిందంటే చావు కబురే అని ఇల్లంతా వణికేదట. ఆ టెలిగ్రామ్ 2013 జూలైతో ఆగిపోయింది. ఉత్తరం ఇంకా ఉంది. వాడుకుందాం.

ఇంతవరకు టీచరు సంగతి చెప్పాను. మరి పిల్లల సంగతి?

నా తరగతిలో మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉండేది. ఇంటి భాష కువి. తెలుగు తక్కువ మాట్లాడేది, మాట్లాడినా తల దించుకునే. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రాలేదు. మన హాస్టల్లోనూ పండగ తర్వాత పెట్టె తీసుకుపోవడానికి వచ్చే నాన్నలను మీరు చూసే ఉంటారు. ఆయమ్మను వెంటబెట్టుకుని, గెడ్డ దాటి, మూడు గంటలు నడిచి వాళ్ల ఊరు వెళ్లాను. తల్లి చెప్పింది విని తల తిరిగింది. జూన్ నుంచి ఒక్కసారి కూడా కూతురి గొంతు వినలేదట. చూడటానికి రావాలంటే రెండు రోజుల కూలి, జీపు చార్జీ పోతాయి. "బతికి ఉందో లేదో తెలియని చదువు ఎందుకు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను వారం వారం బండ ఎక్కి మా అమ్మతో మాట్లాడుతూ, నా ముందు కూర్చున్న పిల్ల ఏడు నెలలుగా తన అమ్మ గొంతు వినలేదని గమనించలేదు. హాస్టల్లో పెరిగిన నేనే గమనించలేదు. ఈ తప్పు నాది.

పన్నెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. ఆ ఊళ్లో ఫోనున్న ఒకతని నంబరు తీసుకున్నాను. సంత రోజున తల్లి సిగ్నల్ ఉన్న చోటికి వస్తుంది. పెద్దల అనుమతితో ఆ రోజు సాయంత్రం పిల్లలను బండ దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టాము. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆ అమ్మాయి తన భాషలో గలగలా మాట్లాడుతుంటే, తరగతిలో తల దించుకునే పిల్ల ఈమేనా అనిపించింది. ఏప్రిల్ దాకా ఆ గుంపులో ఇంకెవరూ చదువు మానలేదు.

ఈ సంగతి మన రాష్ట్రానిదే కాదు. ఉత్తర ధ్రువం దగ్గర కెనడా దేశంలో నూనావుట్ అనే ప్రాంతం ఉంది. 1999లో ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. అక్కడ ఇన్యూట్ ప్రజలు ఉండే ఇరవై అయిదు ఊళ్లలో ఏ ఒక్క ఊరినీ మరో ఊరితో కలిపే రోడ్డు లేదు. విమానమో, మంచు కరిగే వేసవిలో ఓడో రావాలి. ఉత్తరాన ఉన్న ఊళ్లలో చలికాలంలో వారాల తరబడి సూర్యుడే కనిపించడు. బడుల్లో చాలామంది టీచర్లు దక్షిణం నుంచి వెళ్తారు. ఎక్కువకాలం ఉండలేక తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. కెనడా పక్కనున్న అలాస్కా పల్లెల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచర్లు కూడా పాఠాలు చెబుతున్నారు. వాళ్లకు ఇక్కడ పగలైతే ఇంట్లో రాత్రి. వాళ్లూ మనలాగే ఒక వేళ కుదుర్చుకుని, సిగ్నల్ కోసం చూస్తూ ఉంటారు కదా అని నేను బండ మీద కూర్చుని అనుకునేదాన్ని.

అదే కెనడాలో మరో కథ ఉంది. అది మరచిపోరానిది. వందేళ్లకు పైగా దాదాపు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. అమ్మానాన్నల నుంచి పిల్లలను విడదీయడమే ఆ బడుల ఉద్దేశం. 2008 జూన్‌లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మన హాస్టళ్లు అలాంటివి కావు. మన అమ్మానాన్నలు ఇష్టపడి, కళ్లు తుడుచుకుని మనల్ని ఇక్కడ చేర్చారు. ఈ హాస్టల్ అన్నం లేకపోతే నా ఎం.ఎస్సీ. లేదు. ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఉద్దేశం మంచిదైనా, పిల్లకూ తల్లికీ మధ్య మాట తెగితే జరిగే నష్టం కొంత ఒకలాగే ఉంటుంది. ఇంటి భాష మరచిన పిల్ల, ఇంటికి పోయినా చుట్టంలాగే ఉంటుంది.

అందుకని నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. ప్రతి సంక్షేమ హాస్టల్లో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో వారానికి ఒకసారి పిల్ల ఇంటికి మాట్లాడే వేళ ఉండాలి. అది ఎవరి దయ మీదనో కాకుండా, అన్నం మెనూ లాగా గోడ మీద రాసి ఉండాలి. కొండ ప్రాంతాల టీచర్లకు తలుపు గడియ పడే క్వార్టరు, సిగ్నల్, దూరపు జిల్లాల వాళ్లకు ఒకేసారి వాడుకునేలా సెలవులు ఇవ్వాలి. ముక్కలు ముక్కలుగా ఇచ్చే సెలవు రెండు రోజుల ప్రయాణానికే సరిపోతుంది. బడి ఉన్న ఊరి భాష నాలుగు ముక్కలైనా టీచరు నేర్చుకోవాలి. నేను కువిలో పేరు అడగడం, అన్నం తిన్నావా అని అడగడం నేర్చుకున్నాను. ఆ రెండోది అడిగిన రోజు పిల్లలు నన్ను చూసి నవ్వి, తర్వాత దగ్గరికి వచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి పిల్లలే అక్కడి టీచర్లయ్యేలా చదివించాలి. అది జరిగిన రోజు నా ఉద్యోగం పోయినా నాకు సంతోషమే.

మన ఆళ్లగడ్డ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి, తన కల్యాణానికి జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని మన పెద్దలు చెబుతారు. పారువేట పల్లకీ వస్తే మా బంధువుల ఊళ్లో పండగే. దేవుడంతటివాడే గుడిలో కూర్చుని కబురు పంపకుండా గడప గడపకూ వచ్చి పిలుస్తుంటే, రెండు పట్టాలు వచ్చాయని మనం ఫోను చేయడానికి తీరిక లేదంటామా?

చెల్లెళ్లారా, ఈ ఆదివారం మీ అమ్మానాన్నలు చూడటానికి వస్తే, మార్కులు మాత్రమే చెప్పి పంపకండి. ఏ పాఠం అర్థం కాలేదో చెప్పండి. వాళ్లు ఈ వారం ఏ పని చేశారో, కూలి ఎంత ఇచ్చారో అడగండి. రేపు మీరు ఏ కొండ మీద పాఠం చెప్పినా మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు. ఆ అలవాటు ఈ హాస్టల్ వరండాలోనే మొదలు కావాలి.

మా అవ్వ ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. వచ్చే జూన్‌లో నన్ను మళ్లీ పిలిస్తే ఆ బడికే వెళ్తాను. ఈసారి ఆదివారం ఏడు గంటలకు ఫోను ఎత్తేది తనేనని అవ్వ ఇప్పటి నుంచే అంటోంది.

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)
మహానంది